పద తల్లీ అంటేనే కదిలే జీపు

జీలుగుపాడు అనే కొండ ఊళ్లో బొంజుబాబు అని ఒక జీపు డ్రైవరు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తనకు తెలిసిన పని ఇంకొకరికి చెప్పమంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టు ఉండేది.

ఆ ఊరు కొండ నెత్తిన ఉండేది. కింద సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా రాళ్లూ గుంతలూ మలుపులూ నిండిన ఘాట్ రోడ్డు ఒక్కటే దిక్కు. బస్సు ఆ దారి మొహం చూసి ఎరగదు. ఆటో సగం దూరం ఎక్కి, ఆయాసపడి, వెనక్కి జారేది. బొంజుబాబు పాత జీపు మాత్రం నాలుగు చక్రాలతోనూ నేలను పట్టుకుని మేకలాగా ఎక్కేసేది. అల్లం బస్తాలు, పసుపు బస్తాలు, కోళ్లు, చంటిపిల్లలు, కొత్త పెళ్లికొడుకులు, అందరూ అందులోనే. చోటు దొరికినవాళ్లు కూర్చునేవారు, దొరకనివాళ్లు వేలాడేవారు.

ఆ జీపును బొంజుబాబు ఎలా కదిలించేవాడో చూసి తీరాలి. సీట్లో కూర్చుని తాళం తిప్పేవాడు. ఇంజను అందుకోగానే, దణ్ణం పెడుతున్నట్టు ముందుకు బాగా వంగేవాడు. ఎడమచెయ్యి కిందకు పోనిచ్చి, "పద తల్లీ!" అని గుసగుసగా అనేవాడు. అప్పుడు లేచి గేరు వేసేవాడు. జీపు బుద్ధిగా కదిలేది. ఊరు చేరాక మళ్లీ వంగి, "పడుకో తల్లీ" అనేవాడు. 

"ఇది నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు" అని మీసం దువ్వుకునేవాడు.

ఊరు మొదట్లో నవ్వింది. ఒకసారి రోడ్డు కొలవడానికి వచ్చిన ఆఫీసరుగారి కారు బురదలో దిగబడింది. ఆ సమయానికి బొంజుబాబు తాళం జీపులోనే వదిలి పక్క ఊళ్లో విందుకు పోయాడు. ఆఫీసరుగారి డ్రైవరు కుర్రాడు, "దానిదేముంది, ఆ జీపుతో నేనే లాగేస్తాను" అని జీపెక్కాడు. ఇంజను అందుకుంది. గేరు పడింది. జీపు మాత్రం అంగుళం కదల్లేదు. రెండో గేరు వేశాడు, వెనక గేరు వేశాడు. అరుపే తప్ప నడక లేదు. "ఈ బండి పని అయిపోయింది" అని తేల్చేశాడు. అంతలో బొంజుబాబు మాంసం కూర వాసన వేసే చేత్తో వచ్చి, వంగి, "పద తల్లీ" అన్నాడు. జీపు కదిలిపోయింది. కుర్రాడు నోరు వెళ్లబెట్టాడు. ఆ రోజు నుంచి ఊరు నవ్వడం మానేసి నమ్మడం మొదలుపెట్టింది.

అసలు సంగతి నేను మీకు చెబుతాను వినండి. ఇలాంటి పాత జీపుల్లో గేరు రాడ్డు పక్కనే ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది అదే. దాన్ని ఒక వైపు వేస్తే బండి మామూలుగా పరుగెడుతుంది. ఇంకో వైపు వేస్తే నెమ్మదిగా, బలంగా కొండలు ఎక్కుతుంది. రెండింటికీ మధ్యలో ఆపేశారా, ఎన్ని గేర్లు వేసినా ఏ చక్రమూ తిరగదు. కుండ నిండా అన్నం ఉండి, వడ్డించే గరిటె లేనట్టే. బొంజుబాబు ఆ చిన్న రాడ్డును మొదలు దాకా కోసేసి, మొండిగా మిగిలిన ముక్క మీద గోనెపట్టా కప్పేశాడు. బండి ఆపినప్పుడల్లా వంగి దాన్ని మధ్యలోకి లాగేవాడు. కదిలించాలంటే వంగి పక్కకు నెట్టేవాడు. తల్లీ లేదు, మంత్రమూ లేదు. ఉన్నదల్లా ఆ ఇనుప ముక్కే.

ఎందుకిదంతా అంటారా? పాపం, అతనికీ ఒక బాధ ఉంది. చిన్నతనంలో ఒక జీపు యజమాని దగ్గర బళ్లు కడిగి, తిట్లు తిని, మొట్టికాయలు తిని, ఎవరూ నేర్పకుండానే దొంగచూపులు చూసి డ్రైవింగు నేర్చుకున్నాడు. అంత కష్టపడి నేర్చింది ఊరికే చెప్పేస్తే ఎలా అనుకునేవాడు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండేది. ఊళ్లో అందరూ నడపగలిగితే, ఇక బొంజుబాబును ఎవరు పిలుస్తారు? ఇప్పుడు ఏ ఇంటికి పోయినా చాప వేస్తున్నారు, మొదటి తేనె అతనికే పోస్తున్నారు. రేపు ఎవరు పలకరిస్తారు? ఈ భయం ముందు అతని మంచితనం ఎప్పుడూ ఓడిపోయేది.

కానీ ఆ రహస్యంతో ఒక చిక్కు ఉంది. మామూలు డ్రైవరు బండి ఆపి గేరులో పెడితే చాలు, బండి జారదు. చిన్న రాడ్డు మధ్యలో ఉన్న బండికి ఏ గేరులో పెట్టినా పట్టు ఉండదు. హ్యాండ్ బ్రేకు ఏనాడో అరిగిపోయింది. అందుకని బొంజుబాబు రోజూ ఒక పెద్ద రాయి మోసుకొచ్చి చక్రం కింద పెట్టేవాడు. అబద్ధం ఊరికే నిలబడదు కదా, దానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డు పెడుతూ ఉండాలి.

అతని భార్య చిలకమ్మ. ఆమె తమ్ముడు పోతురాజు కింద పల్లంలో ట్రాక్టరు తోలేవాడు. ఒకసారి చుట్టపు చూపుగా వచ్చి, భోజనాల దగ్గర బావను అడిగాడు.

"బావా, ఆ జీపు నాకూ కాస్త నేర్పవా? నీకు ఎప్పుడైనా జొరమొచ్చి పడుకుంటే ఊరికి ఇంకో మనిషి ఉంటాడు."

"నాకు జొరం రాదు" అన్నాడు బొంజుబాబు.

"ఓరి బాబో! జొరం నిన్నడిగి వస్తాదేటి?"

"ట్రాక్టరు తోలేవోడు ట్రాక్టరే తోలుకోవాల. ఇది మాట వినే బండి. నీ మాట వినదు."

చిలకమ్మ గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "నేర్పితే నీ సొమ్మేం పోతాది మావా? నీ బండికి చెవులున్నాయో లేదో గానీ, నీకు మాత్రం లేవు."

బొంజుబాబు వినిపించనట్టు అన్నం కలుపుకున్నాడు. పోతురాజు మొహం చిన్నబోయింది. ఆ తరువాత మళ్లీ ఆ ఊసెత్తలేదు.

వానాకాలం వచ్చింది. రాత్రంతా ముసురు పట్టి, తెల్లవారేసరికి వెలిసింది. అది సంత రోజు. ఊరి వాళ్లంతా బస్తాలతో జీపు దగ్గర చేరారు. ముందు రోజే అక్కను చూడడానికి వచ్చిన పోతురాజు కూడా కిందకు పోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. బొంజుబాబు ఎప్పటిలాగే చక్రం కింద రాయి తీయడానికి వంగాడు. వానకు తడవని చోటు వెతుక్కుని ఒక నాగుపాము ఆ రాయి వెనక చుట్టుకుని పడుకుని ఉంది. అతను చూడలేదు. చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది.

"పాము! పాము!" అని పిల్లలు అరిచారు. అది సర్రున పొదలోకి పోయింది.

"ఓలమ్మో, నా కొంప మునిగిందిరో!" అంటూ చిలకమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎవరో తాడు తెచ్చారు, ఎవరో కత్తి తెచ్చారు. పోతురాజు అందరినీ ఆపాడు.

"కట్టొద్దు, కొయ్యొద్దు. పాము కాటుకు ఆసుపత్రిలో సూదిమందు ఉంటాదని ఊళ్లోకొచ్చే నర్సు చెప్పింది కదా. బేగి తీసుకుపోదాం. బావా, నువ్వు కదలకు. నేను తోలతాను. ఎలా తోలాలో చెప్పు, అంతే చాలు."

బొంజుబాబు నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. చాపలు వేసినవాళ్లు, తేనె పోసినవాళ్లు, తన మాటకు బండి కదులుతుందని పిల్లలకు కథలుగా చెప్పుకున్నవాళ్లు. ఇప్పుడు గోనెపట్టా ఎత్తి చూడండి అంటే, ఆ తరువాత వీళ్ల మొహాలు ఎలా చూడాలి? చేతిలో మంట కన్నా ఆ సిగ్గు ఎక్కువగా కాల్చింది.

"నువ్వు తోలలేవు. నేనే నడుపుకుని పోతాను" అన్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. కదిలితే విషం ఎక్కేస్తాది."

"నేను పోగలనంటే పోగలను!"

ఆ వాదనలోనే బోలెడు సమయం పోయింది. చివరికి మొండిగా తనే డ్రైవరు సీటెక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అలవాటు ప్రకారం ముందుకు వంగబోయాడు. తల గిర్రున తిరిగింది. చెయ్యి గోనెపట్టా దాకా పోలేదు. కనురెప్పలు బరువెక్కి వాటంతట అవే వాలిపోయాయి.

"పద త..." అన్నాడు. నాలుక మడత పడిపోయింది.

అప్పుడు బొంజుబాబుకు నిజంగా భయం పట్టుకుంది. చెబుదాం, ఇప్పుడే చెప్పేద్దాం అనుకున్నాడు. సిగ్గు లేదు, గొప్ప లేదు, బతికితే చాలు అనుకున్నాడు. కానీ పెదవులు కలవలేదు. ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది తప్ప మాట రాలేదు. నోరున్నంతసేపూ చెప్పలేదు. చెబుదామనుకునేసరికి నోరు లేదు.

అతన్ని మెల్లగా మధ్య సీట్లోకి జరిపారు. చిలకమ్మ ఎక్కి అతని తల భుజానికి ఆనించుకుంది. పోతురాజు డ్రైవరు సీట్లో కూర్చుని, చక్రం కింద రాయి తీయించి గేరు వేశాడు. ఇంజను అరిచింది. బండి కదల్లేదు. ఇంకో గేరు వేశాడు. కదల్లేదు.

"ఒరే, ఆ మాట అనరా! వాడనే మాట అను!" అని అరిచాడు ఊరి పెద్ద గంగన్న నాయుడు.

పోతురాజు ముందుకు వంగి, "పద తల్లీ!" అన్నాడు. ఏమీ కాలేదు.

గంగన్న నాయుడు తలపాగా తీసి చేతుల్లో పట్టుకుని జీపు ముందు నిలబడ్డాడు. "పద తల్లీ! మా బొంజుబాబును బతికించు తల్లీ!" అన్నాడు. అది చూసి ఆడవాళ్లు చేతులు జోడించారు. పిల్లలు గొంతు చించుకుని అరిచారు. "పద తల్లీ! పద తల్లీ!" అని ఊరు ఊరంతా ఆ ఇనుప బండిని బతిమాలింది.

బొంజుబాబుకు కళ్లు తెరుచుకోవడం లేదు గానీ చెవులు వింటూనే ఉన్నాయి. ప్రతి అరుపూ గుండెకు తగిలింది. వీళ్లంతా ఎవరిని మొక్కుతున్నారు? తాను కల్పించిన అబద్ధాన్ని! ఆ అబద్ధం ఇప్పుడు తన ప్రాణం మీద కూర్చుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి. 

"మావ ఏడుస్తన్నాడురా!" అని చిలకమ్మ బావురుమంది.

"ఇంక లాభం లేదు. వాలు దాకా తోసుకుపోదాం. ఆ తరువాత అదే దొర్లుతాది, నేను బ్రేకు పట్టుకుంటాను" అన్నాడు పోతురాజు. అది ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. కానీ డోలీ కట్టి మోసుకుపోతే మధ్యాహ్నం దాటిపోతుంది. 

మగవాళ్లు వెనక చేరి భుజాలు ఆనించారు. "ఐలేసా" అని ఒక్క తోపు తోశారు. బండి సుళువుగా ముందుకు దొర్లింది.

"ఆగండాగండి!" అని పోతురాజు బ్రేకు తొక్కాడు. గేరు రాడ్డు వైపు చూశాడు. తోపు హడావిడిలో దాన్ని గేరులోంచి తీయడమే మరిచిపోయాడు. "బండి ఫస్టు గేరులో ఉంది. గేరులో ఉన్న బండి పదిమంది తోసినా ఇలా దొర్లకూడదు! నా ట్రాక్టరుకు పక్కన ఇంకో రాడ్డు ఉంటాది, అది మధ్యలో ఉండిపోతే ఇలాగే అవుతాది. దీనికీ ఇంకో రాడ్డు ఉండాల. ఏదీ? ఎక్కడుంది?"

అటూ ఇటూ చూశాడు. గేరు రాడ్డు తప్ప ఇంకేమీ కనబడలేదు. "బావా! ఇంకో రాడ్డు ఉందా? బావా, నీకు వినబడతందా?"

వినబడింది. బొంజుబాబుకు తల ఊపే శక్తి లేదు. చెయ్యి లేవదు. కాలు ఒక్కటి ఇంకా కాస్త తన మాట వింటోంది. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ కాలి వేళ్లలోకి తెచ్చుకున్నాడు. గోనెపట్టా మీద పాదం పెట్టి పక్కకు ఈడ్చాడు. పట్టా కొంచెం జరిగింది. మళ్లీ ఈడ్చాడు.

చిలకమ్మ ఆ పాదం చూసింది. వంగి పట్టా లాగేసింది. కింద మొండి ఇనుప ముక్క కనబడింది. రోజూ అరచెయ్యి రాసుకుని రాసుకుని దాని కొస వెండిలాగా మెరుస్తోంది.

అందరికీ అంతా అర్థమైపోయింది.

"తరువాత తిడదాం, ముందు బతకనియ్యండి!" అన్నాడు గంగన్న నాయుడు. పోతురాజు క్లచ్ తొక్కి, ఆ ముక్కను ఒక వైపు నెట్టాడు. గర్రుమంది, పడింది. జీపు కదిలింది గానీ నత్తనడక నడిచింది. ఆపి రెండో వైపు లాగాడు. ఈసారి ముందుకు దూకింది. ఊరంతా ఒక్కసారిగా కేక వేసింది. జీపు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా పిల్లలు వెనక పరుగెత్తారు.

ఆసుపత్రిలో సూదిమందు వేశారు. ఊపిరి ఆడడానికి గొట్టం పెట్టారు. "ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదమ్మా" అన్నాడు డాక్టరు. రోజులు గడిచాక బొంజుబాబు కళ్లు తెరిచాడు. నాలుక మళ్లీ తిరిగింది. అప్పుడు మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా?

"చిలకా, ఆ చిన్న రాడ్డు నేనే కోశాను."

చిలకమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఊరంతటికీ తెలిసిపోయింది, ఇప్పుడా చెబుతావు! ఇన్నేళ్ల కాపరంలో నాకైనా చెప్పకూడదేటి మావా? ఇంట్లో తాళంచెవి నాకిచ్చావు, నీ ప్రాణం మాత్రం గోనెపట్టా కింద దాచావు."

అతను ఆమె చెయ్యి పట్టుకుని మొహం కప్పుకున్నాడు. పక్కన నిలబడ్డ పోతురాజు వైపు చూడడానికి చాలాసేపు పట్టింది. "నీకు నేర్పి ఉంటే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు, బామ్మరిదీ" అన్నాడు.

"నువ్వు నేర్పావు బావా. కాలితో నేర్పావు" అన్నాడు పోతురాజు.

ఇంటికి తిరిగి పోయే రోజున జీపును పోతురాజే నడిపాడు. కొండ ఎక్కుతున్నకొద్దీ బొంజుబాబుకు భయం పెరిగింది. ఊరు వెక్కిరిస్తుంది. చాపలు వెయ్యదు. అతను అనుకున్నట్టే, జీపు ఆగగానే గంగన్న నాయుడు ఎదురొచ్చి, "ఏరా, తల్లి ఎలా ఉంది?" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు.

బొంజుబాబు తల వంచుకున్నాడు. "మిమ్మల్ని మోసం చేశాను నాయుడు మావా. అందరూ నడపడం నేర్చుకుంటే నేను ఎవరికీ అక్కర్లేదనుకున్నాను."

నాయుడు నవ్వు ఆపాడు. "పిచ్చోడా! ఆ రోజు ఊరంతా గొంతు పోయేలా అరిచింది జీపు కోసం అనుకున్నావా? నీ కోసంరా!"

బొంజుబాబు అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలాగా ఏడ్చేశాడు. ఎవరో ఇంట్లోంచి చాప తెచ్చి వేశారు.

మర్నాడే కమ్మరి దగ్గరకు పోయి ఆ మొండి ముక్కకు కొత్త రాడ్డు అతికించాడు. పైన ఎర్రటి గుండు బిగించాడు. ఎటు వేస్తే ఏమవుతుందో అందరికీ కనబడేలా స్టీరింగు పక్కనున్న రేకు మీద తెల్ల రంగుతో రాయించాడు. గోనెపట్టా చిలకమ్మకు ఇచ్చేశాడు, ఆమె దాన్ని కోళ్ల గూటికి కప్పింది. చక్రం కింద రాయి ఇంటి ముందుకు చేరింది. జీపు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తమ వంతు వచ్చేదాకా దాని మీదే కూర్చునేవారు. పోతురాజుకు ఎలాగూ వచ్చేసింది కాబట్టి, అందరికన్నా ముందు నేర్చుకున్నది చిలకమ్మ. ఆమె సంతకు జీపు తోలుకుపోతుంటే బొంజుబాబు పక్క సీట్లో అల్లం బస్తా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. రాడ్డు వేసేటప్పుడు ఆమె కావాలనే, "పద తల్లీ!" అనేది. అందరికన్నా గట్టిగా నవ్వేది బొంజుబాబే.

అందుకే తెలిసిన విద్యను నలుగురికీ చెప్పాలి. దాచుకున్న విద్య ఆపద వేళ దాచినవాడికే అందదు, పంచిన విద్య మాత్రం మన నోరు పడిపోయిన రోజున కూడా ఇంకొకరి చేతుల్లో ఉండి మనల్ని కాపాడుతుంది.